పీల్చింది ఛాతీలోకి, జబ్బు పొట్టలో: ఆస్బెస్టాస్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆస్బెస్టాస్ గురించి అడిగినవే ఎక్కువ ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా లోపల ఉన్న సందేహం ఒకటే, ముక్కుతో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో ఆగాలి కదా, మిగతా అవయవాలకి ఎలా పోతుంది అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. ఉత్తరాల్లోంచి పేర్లూ ఊళ్ళూ తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా నాన్నగారు బాయిలర్లకీ స్టీమ్ పైపులకీ ఆస్బెస్టాస్ ఇన్సులేషన్ చుట్టే పని చాలా ఏళ్ళు చేశారు, మానేసి కూడా ముప్పై ఏళ్ళు దాటింది. ఈమధ్య పొట్ట ఉబ్బుతోందని చూపిస్తే నీరు చేరిందన్నారు, మొదట లివర్ అనుకున్నారు, చివరికి బయాప్సీలో పెరిటోనియల్ మెసోథీలియోమా, అంటే పొట్ట లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ అని తేలింది. ఊపిరితిత్తుల స్కాన్ మాత్రం దాదాపు బాగానే ఉందంటున్నారు. దుమ్ము పోయింది ఛాతీలోకి, రోగం వచ్చింది పొట్టలో. ఇలా జరుగుతుందాండీ, లేక వేరే జబ్బుని ఇదనుకుంటున్నారా?

జవాబు: జరుగుతుంది బాబూ. నాన్నగారు చేసిన పనికీ ఈ జబ్బుకీ సంబంధం చాలా పాతది. అమెరికా, కెనడాల్లో ఇన్సులేషన్ పనివాళ్ళు సుమారు 17,800 మందిని డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 1967 నుంచి 1976 దాకా అందులో 175 మంది మెసోథీలియోమాతో పోతే ఛాతీ పొరలో వచ్చినవాళ్ళు 63 మంది, పొట్ట పొరలో వచ్చినవాళ్ళు 112 మంది. మామూలుగా అన్ని రకాల పనులవాళ్ళనీ కలిపి చూస్తే ఛాతీ పొరదే పెద్ద వాటా, పొట్టది పదిలో ఒకటో రెండో ఉంటుంది. దుమ్ము మరీ ఎక్కువగా పీల్చిన పనుల్లో పొట్ట వాటా ఇలా పెరుగుతుంది, అందులోనూ నీలం, గోధుమ రంగు ఆస్బెస్టాస్ వాడిన చోట.

ఇక దారి సంగతి. ఆస్బెస్టాస్ రాయే గానీ నలిగితే పొడి అవ్వదు, నిలువుగా చీలి సన్నటి పోగులవుతుంది, ఆ పోగు ఇంకా సన్నగా చీలుతూనే ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. సుమారు 3 మైక్రాన్ల కంటే సన్నగా ఉన్న పోగు, పొడవు బాగా ఉన్నా సరే, గాలి పోయే దిక్కుకి తిరిగి దానితోపాటే జారుకుంటూ ఊపిరితిత్తుల చిట్టచివరి గాలి గదుల దాకా వెళ్ళిపోగలదు. పై గొట్టాల్లోనే చిక్కుకున్నవాటిని కఫం పైకి తోసేస్తుంది, ఆ కఫాన్ని మనం ఉమ్మేస్తాం లేదా తెలియకుండానే మింగేస్తాం. (మింగడం దగ్గర ఆగండి, మళ్ళీ వస్తాను.)

చివరి గదుల్లో కఫం పనిచెయ్యదు, అక్కడ శుభ్రం చేసే పని మాక్రోఫేజ్ అనే కణాలది. అవి దుమ్ముని మింగి మోసుకుపోతాయి. ఆ కణం ఉండేదే ఇంచుమించు 15 నుంచి 20 మైక్రాన్లు, పోగు అంతకంటే పొడవుంటే పూర్తిగా మింగలేదు, పెద్ద ఎరని సగం మింగి కక్కలేక మింగలేక ఉండిపోయిన పాములా అయిపోతుంది దాని పరిస్థితి. ఆ అవస్థలో తన లోపలి రసాయనాలన్నీ బయటికి వదిలేస్తుంది, చుట్టూ వాపు మొదలవుతుంది, ఆ వాపు పిలుపుకి ఇంకా కణాలు వస్తాయి, అవీ అదే పని చేస్తాయి. నీలం, గోధుమ రకాల్లో ఇనుము కూడా ఉండటంతో కణాల డీఎన్ఏని దెబ్బతీసే రసాయన చర్యలు ఇంకా పెరుగుతాయి. నాకు ఈ జబ్బులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, మనల్ని కాపాడటానికి వచ్చిన కణమే ఏళ్ళ తరబడి నష్టం చేస్తూ కూర్చుంటుంది.

వాపు వచ్చిన చోట కణాల మధ్య నీరు పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ నీరు ఎటు పోతే సన్నటి పోగులు కూడా అటు కొట్టుకుపోతాయి. కొంత ఊపిరితిత్తి పైపొర దాటి, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య ఉన్న సన్నటి సందులోకి దిగుతుంది. ఆ సందులో నీరు మామూలుగానే ఎప్పుడూ కొంచెం ఊరుతూ ఉంటుంది, ఛాతీ గోడ వైపు పొరలో ఉన్న చిన్న చిన్న రంధ్రాల ద్వారా లింఫ్ నాళాల్లోకి (కణాల మధ్య మిగిలిన నీటిని తిరిగి రక్తంలో కలిపే సన్నటి గొట్టాలు) పోతూ ఉంటుంది. ఆ రంధ్రాలు 10 మైక్రాన్లు, అంతకంటే చిన్నవి. పొట్టి పోగులు దూరి వెళ్ళిపోతాయి, పొడుగువి రంధ్రం మూతి దగ్గర అడ్డంపడి అక్కడే ఉండిపోతాయి. ఛాతీలోకి కెమెరా పెట్టి చూసినప్పుడు ఆ పొర మీద కనపడే నల్ల మచ్చల్లో ఆస్బెస్టాస్ పోగులు పోగుపడి ఉన్నాయని 1996లో ఫ్రాన్స్ డాక్టర్లు చూపించారు. మెసోథీలియోమా ఎక్కువగా ఛాతీ గోడ వైపు పొరలోనే ఎందుకు మొదలవుతుందో దీంతో అర్థమవుతుంది.

ఇంకొంత నేరుగా ఊపిరితిత్తి లోపలి లింఫ్ నాళాల్లోకి పోతుంది, అక్కణ్ణించి ఛాతీ మధ్యలో ఉన్న లింఫ్ బిళ్ళల్లోకి. బిళ్ళలు జల్లెడ పడతాయి కానీ అన్నిటినీ ఆపలేవు. వాటిని దాటిన లింఫ్ అంతా చివరికి మెడ కింద పెద్ద రక్తనాళంలో కలుస్తుంది, అంటే రక్తంలోకి వచ్చేసినట్టే, ఇక గుండె ఎక్కడికి పంపితే అక్కడికి. పొట్ట పొరకి చేరే ఒక దారి ఇది. రెండోది డయాఫ్రమ్, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న ఆ కండరానికి రెండు వైపులా లింఫ్ నాళాలు అల్లుకుని ఉంటాయి, పొట్ట వైపు కూడా అలాంటి రంధ్రాలే ఉంటాయి. మూడోది ఇందాక ఆగమన్నాను చూడండి, మింగిన కఫం. అందులో పోగులు చాలావరకు మలంలో పోతాయి, కొన్ని మాత్రం పేగు గోడ దాటుతాయి. మెసోథీలియోమా ఉన్నవాళ్ళ పొట్టలో పేగుల్ని కప్పి ఉంచే కొవ్వు పొరల్లో వెతికితే ఎక్కువమందిలో పోగులు కనిపించాయి, కాబట్టి చేరడం అనేది ఊహ కాదు.

ఛాతీలో ఊపిరితిత్తి చుట్టూ, గుండె చుట్టూ, పొట్టలో పేగుల చుట్టూ, మగవాళ్ళలో వృషణాల చుట్టూ ఉన్న పొరలన్నీ ఒకే జాతి కణాలతో తయారైనవి. మెసోథీలియోమా ఈ నాలుగు చోట్లా రావచ్చు, చివరిది, గుండెదీ మాత్రం చాలా చాలా అరుదు. పోగు చేరిన నాటి నుంచి జబ్బు బయటపడేదాకా 20 నుంచి 50 ఏళ్ళు పడుతుంది, ఊపిరితిత్తి స్కాన్ బాగున్నంత మాత్రాన ఇది కాదని అనుకోకూడదు. ట్రీట్‌మెంట్ సంగతి ఒక్క మాట, పొట్టలో గడ్డల్ని వీలైనంత తీసేసి వేడి చేసిన కీమో మందుని అక్కడే తిప్పే ఆపరేషన్ ఒకటుంది, అందరికీ కుదరదు, కుదిరినవాళ్ళకి ఆయుష్షు బాగా పెరుగుతోంది. ఈ జబ్బు తరచూ చూసే సెంటర్‌లో నాన్నగారికి అది కుదురుతుందేమో తప్పకుండా అడగండి.

ప్రశ్న: మేడమ్, మా వారు ఆస్బెస్టాస్ షీట్లు కోసే పనిలో ఉండేవారు. సాయంత్రం వచ్చాక ఆయన బట్టలు దులిపి ఉతికేదాన్ని, తెల్లగా దుమ్ము లేచేది. ఆయనకి ఇప్పుడు ఊపిరితిత్తుల పొర మందమైందన్నారు. నాకు ఓవరీలో కణితి ఉందని ఆపరేషన్ చెప్పారు. నేను ఏ రోజూ ఫ్యాక్టరీలో అడుగు పెట్టలేదు. ఈ రెంటికీ లింకు ఉంటుందా? అడిగితే నవ్వుతారేమోనని డాక్టర్‌ని అడగలేదు.

జవాబు: ఎవరూ నవ్వరమ్మా, నవ్వితే వాళ్ళకి తెలియదని అర్థం. మీరు ఫ్యాక్టరీకి వెళ్ళకపోయినా ఫ్యాక్టరీ దుమ్ము రోజూ మీ చేతుల్లోకి వచ్చింది. క్యాన్సర్ కారకాలని తేల్చే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2009లో సాక్ష్యాలన్నీ మళ్ళీ చూసి, ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమాతోపాటు స్వరపేటిక క్యాన్సర్, అండాశయ (ఓవరీ) క్యాన్సర్ కూడా వస్తాయని ఖాయం చేసింది. అండాశయం విషయంలో గట్టి సాక్ష్యం ఎక్కడిదంటే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో గ్యాస్ మాస్కుల ఫిల్టర్లలో నీలం ఆస్బెస్టాస్ నింపిన ఆడవాళ్ళది, వాళ్ళలో ఈ క్యాన్సర్ మామూలు కంటే ఎక్కువగా వచ్చింది. ఇంట్లో మగవాళ్ళు ఆస్బెస్టాస్ పనిలో ఉన్న ఆడవాళ్ళ అండాశయాల్ని పరీక్షించినప్పుడు చాలామందిలో పోగులు దొరికాయి. ఆస్బెస్టాస్‌తో పరిచయమే లేదన్న ఆడవాళ్ళలో కూడా కొందరిలో దొరికాయి, అంటే చేరడం ఒక్కటే క్యాన్సర్‌కి రుజువు కాదు, అది గుర్తుంచుకోండి. మీ కణితి అసలు క్యాన్సరో కాదో కూడా ఇంకా తెలియలేదు, ఓవరీ కణితుల్లో చాలా వాటికి క్యాన్సర్‌తో సంబంధమే ఉండదు, ముందే బెంగ పెట్టుకోవద్దు.

కానీ ఆపరేషన్‌కి ముందే మీ డాక్టర్‌కి ఈ బట్టల సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే పొట్ట పొరలో వచ్చే మెసోథీలియోమా చూడ్డానికి అచ్చం ఓవరీ క్యాన్సర్‌లాగే ఉంటుంది, పొట్టలో నీరు అదే, సీఏ-125 రక్త పరీక్ష రెండింట్లోనూ పెరగొచ్చు, స్కాన్‌లో తేడా పట్టడం కష్టం. కాల్‌రెటినిన్‌లాంటి ప్రత్యేక స్టెయిన్లు (కణాలకి పట్టించే రంగులు) వేసి చూస్తేనే, ముక్కని మైక్రోస్కోప్‌లో పరీక్షించే పాథాలజిస్టుకి తేడా తెలుస్తుంది, ఆస్బెస్టాస్ మాట చెవిన పడకపోతే ఆ దిశగా ఆలోచనే రాకపోవచ్చు. నాకు కోపం వచ్చేది ఇక్కడే, కేస్ షీట్‌లో ఆడవాళ్ళకి వృత్తి దగ్గర గృహిణి అని రాసి వదిలేస్తారు, ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారు, వాళ్ళ బట్టలు ఎవరు ఉతికారు అని అడగరు. వాళ్ళు అడగకపోతే మీరే చెప్పండి, కాగితం మీద రాసి ఇవ్వండి, అది ఫైల్లో ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను పాత బిల్డింగులు పడగొట్టే కాంట్రాక్టులో చేశాను. ఆస్బెస్టాస్ పోగులు కిడ్నీలో, లివర్‌లో, మెదడులో కూడా దొరికాయని చదివాను, అప్పట్నుంచి నిద్ర లేదు. యూరిన్ టెస్ట్ చేయించుకుంటే ఒంట్లో ఎంత ఉందో తెలుస్తుందా? ఫుల్ బాడీ స్కాన్ చేయించుకోనా?

జవాబు: మీరు చదివింది నిజమే. ఆస్బెస్టాస్‌తో పనిచేసి చనిపోయినవాళ్ళని పరీక్షించి 1980లోనే కిడ్నీ, గుండె, లివర్, ప్లీహం, అడ్రినల్, పాంక్రియాస్, మెదడు, ప్రోస్టేట్, థైరాయిడ్‌లలో ఆస్బెస్టాస్ బాడీలు ఉన్నాయని రాశారు, అంటే ఇనుము, ప్రోటీన్ పూత పట్టిన పోగులు. రక్తంలో కలిసినవి అన్ని చోట్లకీ పోతాయి కాబట్టి ఇందులో వింత లేదు. అయితే ఊపిరితిత్తుల్లో ఉన్న లెక్కతో పోలిస్తే అక్కడ ఉండేవి చాలా తక్కువ, పైగా చాలావరకు పొట్టివి. పోగు ఉండటం వేరు, జబ్బు రావడం వేరు, ఈ రెండూ ఒకటనుకోవడం వల్లే మీకు నిద్ర పోయింది. క్యాన్సర్ ఖాయమని ఐఏఆర్‌సీ తేల్చిన చోట్లు నాలుగే, ఇందాక చెప్పాను, ఊపిరితిత్తులు, మెసోథీలియోమా వచ్చే పొరలు, స్వరపేటిక, అండాశయం. గొంతు వెనక భాగం, జీర్ణాశయం, పెద్దపేగు విషయంలో సంబంధం కనపడుతోంది గానీ ఖాయం అనేంత బలంగా లేదని అదే సంస్థ రాసింది. కిడ్నీ, లివర్, మెదడు ఆ జాబితాలో లేవు.

యూరిన్‌లోకి వస్తాయి, ఆ మాట నిజం. అమెరికాలో లేక్ సుపీరియర్ నీళ్ళలోకి గని వ్యర్థాల నుంచి ఆస్బెస్టాస్ జాతి పోగులు చేరినప్పుడు, ఫిల్టర్ చెయ్యని ఆ నీళ్ళు తాగినవాళ్ళ మూత్రంలో అవే పోగులు కనపడ్డాయని 1979లో ప్రచురించారు. పేగు దాటి, రక్తంలో తిరిగి, కిడ్నీలోంచి బయటికొస్తాయని చెప్పడానికి అంతకంటే సూటి రుజువు అక్కర్లేదు. కానీ మూత్రంలో ఎన్ని ఉంటే ఛాతీలో ఎన్ని ఉన్నట్టు, ఎంత ప్రమాదం ఉన్నట్టు అనే లెక్క కట్టే పద్ధతి లేదు, కాబట్టి ఆ టెస్ట్ మీకు ఉపయోగపడదు. ఫుల్ బాడీ స్కాన్‌లో కూడా పోగులు కనపడవు, కనపడేది సంబంధం లేని చిన్న చిన్న మచ్చలు, వాటి వెంట ఇంకో పది పరీక్షలు.

కిడ్నీ గురించి మాత్రం ఒకటి చెప్పాలి, ఇది డాక్టర్లలో కూడా చాలామందికి తట్టదు. పొట్ట వెనక భాగంలో, కిడ్నీల నుంచి కిందికి దిగే మూత్రనాళాల చుట్టూ గట్టి నార లాంటి కణజాలం పెరిగి ఆ గొట్టాల్ని నొక్కేసే జబ్బు ఒకటుంది, రెట్రోపెరిటోనియల్ ఫైబ్రోసిస్ అంటారు. అరుదైనదే. ఆస్బెస్టాస్‌తో పనిచేసినవాళ్ళలో ఇది ఎక్కువగా వస్తోందని ఫిన్లాండ్ డాక్టర్లు 2004లో చూపించారు. ఇందులో కిడ్నీ తప్పేమీ ఉండదు, దారి మూసుకుపోయి మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ వాస్తుంది. నడుము పక్కన మొండి నొప్పి, కాళ్ళ వాపు, రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే లెక్క) పెరగడం లాంటివి వస్తే మీ పని చరిత్ర చెప్పి ఒక సీటీ తీయించుకోండి. అవేవీ లేకపోతే ఛాతీ డాక్టర్ దగ్గర ఒకసారి ఊపిరి పరీక్ష, ఎక్స్‌రే చేయించుకుని, ఆయన చెప్పిన గడువుకి మళ్ళీ వెళ్తూ ఉండండి, చాలు.

ప్రశ్న: మా బావగారికి ఆస్బెస్టాస్ వల్ల లంగ్ క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు లివర్‌కీ ఎముకలకీ పాకిందన్నారు. అంటే పోగులు లివర్‌లోకి వెళ్ళి అక్కడ కూడా క్యాన్సర్ తెచ్చాయా?

జవాబు: కాదండి, ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. బావగారి లివర్‌లో ఉన్నవి ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలే, అక్కడ పుట్టి రక్తంలో వచ్చి ఇక్కడ నాటుకున్నాయి, ఏ కారణంతో లంగ్ క్యాన్సర్ వచ్చినా ఇలాగే పాకుతుంది, అందుకే మందు కూడా లంగ్ క్యాన్సర్ మందే ఇస్తారు. పోగు ప్రయాణం జరిగేది దానికి దశాబ్దాల ముందు. ఇంకో రకం దెబ్బ కూడా ఉంది, పోగు చేరకుండానే అవయవం దెబ్బతినడం. ఊపిరితిత్తి గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్‌లో రక్తాన్ని దానిలోకి నెట్టడానికి గుండె కుడివైపు ఎక్కువ కష్టపడాలి, ఏళ్ళు గడిచేసరికి అలిసి ఫెయిల్ అవుతుంది, కాళ్ళు వాస్తాయి. బావగారికి పొగ తాగే అలవాటుందో లేదో మీరు రాయలేదు, ఆస్బెస్టాస్, పొగ రెండూ కలిస్తే లంగ్ క్యాన్సర్ ముప్పు ఒకదాని మీద ఒకటి కూడినట్టు కాక ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. మెసోథీలియోమాకి మాత్రం పొగతో సంబంధం లేదు.

ప్రశ్న: ఆస్బెస్టాస్ సిమెంట్ పైపుల్లోంచి వచ్చే నీళ్ళు తాగితే పొట్టలో క్యాన్సర్ వస్తుందా?

జవాబు: నీళ్ళతో క్యాన్సర్ వస్తుందని చెప్పడానికి నిలకడైన సాక్ష్యం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, అమెరికా మాత్రం జాగ్రత్తగా లీటరుకి 70 లక్షల పోగులు, 10 మైక్రాన్ల కంటే పొడవున్నవి, మించకూడదని హద్దు పెట్టుకుంది. పీల్చడంతో పోలిస్తే తాగడం ముప్పు చాలా తక్కువ. అసలు భయపడాల్సింది ఆ పాత పైపుల్ని మిషన్‌తో పొడిగా కోసే రోజున, అక్కడ నిలబడి కోసేవాళ్ళ గురించి.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను ఏడేళ్ళు బ్రేక్ లైనింగులు గ్రైండింగ్ చేశాను. ఒంట్లో చేరిన పోగుల్ని బయటికి లాగేసే మందో, డిటాక్స్ డ్రిప్పో ఉందని ఒకరు చెప్పారు, ఖర్చు బాగా ఉంది, అప్పు చేసైనా పెట్టుకోనా? రెండు నెలలుగా గొంతు కూడా బొంగురుపోయింది.

జవాబు: అప్పు చెయ్యొద్దు బాబూ, అలాంటి మందు లేదు. సీసంలాంటి లోహాలు ఒంట్లో కరిగి ఉంటాయి కాబట్టి మందుకి పట్టుకుని మూత్రంలో వస్తాయి, ఆస్బెస్టాస్ కరగని రాతి పోగు, దాన్ని పట్టుకునే మందు ఏ డ్రిప్పులోనూ లేదు. బ్రేకుల్లో ఎక్కువగా వాడింది తెల్ల ఆస్బెస్టాస్, అది ఊపిరితిత్తిలో మిగతా రకాల కంటే త్వరగా ముక్కలై తగ్గుతుంది, నీలం, గోధుమవి దశాబ్దాలు ఉండిపోతాయి. అలాగని తెల్లది మంచిది అనుకోకండి, ముక్కలైన సన్నటి పోగులు ఛాతీ పొరలో కనపడుతూనే ఉన్నాయి, క్యాన్సర్ కారకాల్లో అన్ని రకాలూ ఒకే వరసలో ఉన్నాయి.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ చివరి వాక్యం. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఎవరైనా ఈఎన్‌టీకి చూపించుకోవాలి, మీరు ఇప్పటికే రెండు నెలలు ఆగారు. పోగులు లోపలికెళ్ళే దారిలోనే స్వరపేటిక ఉంది, అందులో చిక్కుకుంటాయి, కఫంతో పైకి వచ్చేవి కూడా దాన్ని దాటుకునే రావాలి. చాలాసార్లు మామూలు వాపో, ఎసిడిటీయో అయ్యుంటుంది, కానీ గొంతులోకి సన్న కెమెరా పెట్టి చూస్తేగానీ తెలియదు, అదేమంత పెద్ద పరీక్ష కాదు. డ్రిప్పుకని దాచిన డబ్బుతో ఈ వారంలోనే ఆ పని చెయ్యండి. బ్రేక్ లైనింగులు గ్రైండింగ్ చేశానని, ఎన్నేళ్ళు చేశారో, మాస్క్ ఉండేదో లేదో, చీటీలో రాసుకెళ్ళి ఇవ్వండి. సిగరెట్ అలవాటుంటే ఈరోజుతో ఆపెయ్యండి. కెమెరాలో ఏం కనపడిందో నాకు రాయండి.